పూలగడ్డల్లో వైరస్‌కు వల

ఉల్లిపాయను చక్రాల్లా కాకుండా, నెత్తి నుంచి వేళ్ల దాకా నిలువుగా రెండు చెక్కలు చేసి చూడండి. అడుగున చిన్న బిళ్ల ఒకటి కనిపిస్తుంది. అసలు కాండం అదే. దాని మీద పొరలు పొరలుగా ఒదిగి ఉన్నవన్నీ ఆకులే, తిండి దాచుకుని బలిసిన ఆకులు. నట్టనడుమ లేత మొగ్గ. వృక్షశాస్త్ర పాఠాల్లో దీన్ని లశునం అంటారు. వాడుకలో గడ్డ అంటాం. బంగాళాదుంప, చేమ, కంద ఈ కోవలోకి రావు, వాటి కట్టుబడి వేరు.

ఈ మొగ్గ నెలల తరబడి మట్టిలో పడుకుని ఉండాలి. చుట్టూ పిండి, చక్కెర, ప్రొటీన్ నిల్వలు. పైన ముల్లు లేదు, గట్టి పెంకు లేదు. పురుగుకూ, బూజుకూ, ఎలుకకూ ఇంతకన్నా తేలికగా దొరికే భోజనం ఉండదు. అయినా చాలా పూలగడ్డలు చెక్కుచెదరకుండా మళ్లీ చిగురిస్తాయి. వాటి దగ్గర రసాయనిక కాపలా ఉంది కాబట్టి. ఆ కాపలాలో ఆల్కలాయిడ్ల పేరు ముందునుంచీ వింటున్నాం. ప్రొటీన్ల సంగతి మాత్రం గత నలభై ఏళ్లలో బయటపడింది. వాటిలో ఒక కుటుంబం మనిషికి సోకే వైరస్‌లను కూడా పట్టి ఆపగలదని తేలాక, వైరస్ శాస్త్రవేత్తల చూపు తోటల వైపు మళ్లింది. హెచ్‌ఐవీ మొదలు డెంగీ, కరోనా దాకా సాగిన ఈ పరిశోధనలో ఏది నిలబడింది, ఏది నిలబడలేదు, మనకు దక్కిందేమిటి అన్నది ఒకసారి బేరీజు వేసుకోవాల్సిన సమయం వచ్చిందని నా అభిప్రాయం.

ఆ ప్రొటీన్ల పేరు లెక్టిన్లు. కథ మనకు బాగా తెలిసిన ఆముదం గింజతో మొదలైంది. 1888లో ఇప్పటి ఎస్తోనియాలోని టార్టు నగరంలో స్టిల్‌మార్క్ అనే పరిశోధకుడు ఆముదం గింజల సారాన్ని రక్తంలో కలిపితే ఎర్రకణాలు ముద్దలు కట్టడం గమనించాడు. ప్రతి కణం ఒంటిమీదా చక్కెర గొలుసులు నూగులా ఉంటాయి. లెక్టిన్ ఆ గొలుసులను పట్టుకుంటుంది. ఒక్కో లెక్టిన్‌కు పట్టు ఒకటి కన్నా ఎక్కువ చోట్ల ఉంటుంది కనుక రెండు మూడు కణాలను కలిపి బంధిస్తుంది. ఏ చక్కెరను పట్టుకోవాలో దానికి ఖచ్చితంగా తెలుసు. ఎంచి పట్టుకుంటుంది కాబట్టే 1954లో విలియం బాయ్డ్ దీనికి, ఎంచుకోవడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి లెక్టిన్ అని పేరు పెట్టాడు.

ఇక స్నోడ్రాప్ దగ్గరకు వద్దాం. యూరప్‌లో చలికాలం ముగియకముందే, మంచు ఇంకా కరగకుండానే తలవంచుకుని పూసే చిన్న తెల్లపువ్వు ఇది. దీని గడ్డ నుంచి 1987లో బెల్జియం శాస్త్రవేత్తలు ఎల్స్ వాన్ డామ్, విల్లీ పేమాన్స్, వారి సహచరులు ఒక లెక్టిన్‌ను వేరు చేశారు. ఇది మానోజ్ అనే చక్కెరను మాత్రమే పట్టుకుంటుంది. గ్లూకోజ్ ఎదురుపడినా ముట్టదు. అంతకుముందు తెలిసిన మానోజ్ లెక్టిన్లు గ్లూకోజ్‌ను కూడా పట్టుకునేవి. మరో విశేషం, ఇది కుందేలు ఎర్రకణాలను ముద్దకట్టిస్తుంది, మనిషి ఎర్రకణాలను కట్టించదు. మందు కోసం వెతికేవాళ్లకు ఈ రెండో గుణం మొదటిదానికన్నా ముఖ్యం. రక్తంలో అడుగుపెట్టగానే గడ్డలు కట్టించే పదార్థంతో ఏ వైద్యుడూ పనిచేయలేడు.

ఆ తర్వాత ఈ కుటుంబం పెరిగింది. డాఫడిల్, మన కుండీల్లో ఎర్రగా బాకాల్లా పూసే, చాలామంది లిల్లీ అని పిలుచుకునే హిప్పియాస్ట్రమ్, ఉల్లి, వెల్లుల్లి, వాటికి చుట్టమైన లీక్, అన్నింటిలోనూ ఇదే పోలిక ఉన్న లెక్టిన్లు దొరికాయి. 1995లో స్నోడ్రాప్ లెక్టిన్ స్ఫటిక నిర్మాణం వెలువడింది. నాలుగు ముక్కలు కలిసి ఒక అణువు. ఒక్కో ముక్కలో మానోజ్‌ను పట్టుకునే గుంటలు మూడు. మొత్తం పన్నెండు. ఒక్కో గుంట పట్టు బలహీనమే, విడిగా చూస్తే ఇట్టే జారిపోతుంది. పన్నెండూ కలిస్తే మాత్రం వదలదు. ఉత్తరేణి గింజ ఒకటి అంటుకుంటే దులిపేస్తాం. పొలం గట్టు మీద నడిచొచ్చాక పంచె అంచు నిండా అంటుకుంటే కూర్చుని ఏరుకోవాల్సిందే. లెక్టిన్ పట్టు అలాంటిది.

వైరస్ ఒంటిమీద మానోజ్ ఎందుకుంటుంది?

ఈ మొత్తం వ్యవహారానికి ఇదే మూలం కాబట్టి ఇక్కడ కాస్త నిలబడాలి.

వైరస్ తన ప్రొటీన్లను సొంతంగా తయారు చేసుకోలేదు. మన కణంలో దూరి, మన కణంతోనే చేయించుకుంటుంది. ఆ తయారీలో మన కణం తన అలవాటు ప్రకారం ఆ ప్రొటీన్లకు చక్కెర గొలుసులు తగిలిస్తుంది. మొదట తగిలించేది మానోజ్ ఎక్కువగా ఉన్న మొరటు గొలుసు. తర్వాత మెట్టులో కొన్ని ఎంజైములు వచ్చి ఆ మానోజ్‌లను కత్తిరించి, వాటి స్థానంలో గెలాక్టోజ్, సయాలిక్ ఆమ్లం వంటివి పేర్చి నగిషీ చెక్కుతాయి. ఆరోగ్యవంతమైన మన కణాల పైభాగాన ఎక్కువగా కనిపించేవి ఇలా నగిషీ పూర్తయిన గొలుసులే.

హెచ్‌ఐవీ విషయంలో ఈ నగిషీ మధ్యలోనే ఆగిపోతుంది. ఆ వైరస్ పైభాగాన ఉండే జీపీ120 ప్రొటీన్ మీద చక్కెర తగిలే చోట్లు సుమారు ఇరవై నాలుగు. గొలుసులు ఒకదానికొకటి ఎంత ఒత్తుగా ఇరుక్కుంటాయంటే, కత్తిరించే ఎంజైముకు చేయి దూర్చే సందు దొరకదు. ఫలితంగా చాలా గొలుసులు మొరటు మానోజ్ రూపంలోనే మిగిలిపోతాయి. జీపీ120 బరువులో దాదాపు సగం చక్కెరే. ఈ తొడుగు వైరస్‌కు కవచం. చక్కెరలు మన కణం తగిలించినవే కనుక మన రక్షణ వ్యవస్థ వాటిని సొంతవాటిగా భావించి ఊరుకుంటుంది. కింద దాగిన ప్రొటీన్‌ను యాంటీబాడీలు చేరలేవు.

ఏ కవచాన్ని మన ఒళ్లు తనదని వదిలేసిందో దాన్నే పూలగడ్డ లెక్టిన్ పట్టుకుంటుంది. 1991లో బెల్జియంలోని లూవెన్‌లో ఉన్న రేగా సంస్థలో యాన్ బాల్జరీని బృందం స్నోడ్రాప్, హిప్పియాస్ట్రమ్, డాఫడిల్ లెక్టిన్లను హెచ్‌ఐవీ మీద ప్రయోగించింది. మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రాముకన్నా తక్కువ మోతాదులోనే వైరస్ కణాల్లోకి దూరడం సగానికి పడిపోయింది. సైటోమెగలో వైరస్ కూడా లొంగింది. వైరస్ కణాన్ని పట్టుకున్నాక, ఆ కణం గోడతో కలిసిపోయి లోపలికి జారే ఘట్టం ఒకటుంది. ఈ లెక్టిన్లు ప్రధానంగా ఆ ఘట్టం దగ్గరే అడ్డుపడతాయి. తర్వాతి ఏళ్లలో హెపటైటిస్-సి, డెంగీ కూడా ఈ జాబితాలో చేరాయి.

డెంగీ సంగతి మనవాళ్లకు దగ్గరి విషయం. వానాకాలం వచ్చిందంటే ప్లేట్‌లెట్లు లెక్కపెట్టుకుంటూ ఆసుపత్రి వరండాల్లో కూర్చునే కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లో ఏటా కనిపిస్తాయి. నేరుగా ఆ వైరస్ మీద పనిచేసే మందు ఇప్పటికీ వైద్యుల చేతిలో లేదు. డెంగీ వైరస్ పైప్రొటీన్ మీద చక్కెర తగిలే చోట్లు రెండే. దోమ కణంలో తయారైన వైరస్ మీద మొరటు మానోజ్ గొలుసులే ఉంటాయి, దోమ కణానికి మనకున్నంత నగిషీ పనితనం లేదు కనుక. దోమ కుట్టగానే మన చర్మంలోని కొన్ని రక్షక కణాలు ఆ మానోజ్‌ను చూసి వైరస్‌ను పట్టుకుంటాయి, పట్టుకుని తామే దానికి బలవుతాయి. లూవెన్ బృందమే హిప్పియాస్ట్రమ్, స్నోడ్రాప్ లెక్టిన్లను అడ్డం పెట్టినప్పుడు ఆ కణాల్లోకి వైరస్ చేరడం ఆగిపోయింది. గాజు పాత్రలో మాత్రమే. ఈ మాటను పాఠకులు అడుగడుగునా గుర్తుంచుకోవాలి.

2007లో అదే లూవెన్ నుంచి మరో పని వెలువడింది. 2002లో పుట్టి ప్రపంచాన్ని భయపెట్టిన సార్స్ కరోనా వైరస్ మీద 33 మొక్కల లెక్టిన్లను వరసగా పరీక్షించారు. బలంగా పనిచేసినవాటిలో ఎక్కువ మానోజ్ లెక్టిన్లే. అన్నింటికన్నా ముందు నిలిచింది లీక్‌ది. వైరస్ కణానికి అంటుకునే తొలి దశలోనూ, లోపల పెరిగి బయటకొచ్చే చివరి దశలోనూ, రెండు చోట్లా ఇవి అడ్డుపడుతున్నట్టు తేలింది. పన్నెండేళ్ల తర్వాత కోవిడ్ వచ్చినప్పుడు ఈ వ్యాసాన్ని అందరూ మళ్లీ తిరగేశారు. అయితే కోవిడ్ వైరస్ స్పైక్ మీద, ఒక్కో ముక్కకు 22 చొప్పున చక్కెర చోట్లు ఉన్నా, హెచ్‌ఐవీ మీద ఉన్నంత ఒత్తుగా లేవు. నగిషీ పూర్తయిన గొలుసులే అక్కడ ఎక్కువ. కనుక హెచ్‌ఐవీ మీద వచ్చిన ఫలితాన్ని తెచ్చి కోవిడ్‌కు అతికించడం కుదరదు. ఏ వైరస్‌కు ఆ వైరస్ మీదే పరీక్ష జరగాలి.

వైరస్ ఎదురుదాడి

వైరస్‌కు ఏ మందు ఇచ్చినా కొంతకాలానికి అది తప్పించుకునే దారి వెతుక్కుంటుంది. ఇక్కడా అంతే జరిగింది. ప్రయోగశాలలో హెచ్‌ఐవీని లెక్టిన్ సమక్షంలో తరాల తరబడి పెంచుతూ మోతాదు పెంచుకుంటూ పోయారు. వైరస్ తన చక్కెర చోట్లను ఒక్కొక్కటిగా వదిలేసుకుంది. లెక్టిన్‌కు పట్టు దొరక్కుండా కవచంలోంచి పలకలు పీకేసుకుందన్నమాట.

మామూలుగా ఇలాంటి వార్త వింటే మందు పని అయిపోయినట్టే. బాల్జరీని మాత్రం దీన్ని తిరగేసి చూశాడు. కవచం పలచబడిన వైరస్ యాంటీబాడీలకు దొరుకుతుంది కదా అన్నాడు. లెక్టిన్‌కు లొంగితే ఆగిపోతుంది, తప్పించుకుంటే మన రక్షణ వ్యవస్థ చేతికి చిక్కుతుంది. 2005లో ఆయన ముందుకు తెచ్చిన ఈ ఆలోచన ఈ రంగంలో వచ్చిన అత్యంత అందమైన ఊహ అని నేను నమ్ముతున్నాను. అందంగా ఉన్నంత మాత్రాన అది నిజమై తీరాలని లేదు. మనిషి శరీరంలో ఇలా జరుగుతుందని ఎవరూ చూపలేదు. కానీ వైరస్‌ను చంపడమే కాకుండా దాన్ని నగ్నంగా నిలబెట్టడం కూడా ఒక వైద్యమార్గం కావచ్చన్న ఆలోచనను ఇచ్చింది ఒక పూలగడ్డ అన్న సంగతి చిన్నది కాదు.

గాజు పాత్రకూ ఒంటికీ మధ్య

ముప్పై ఏళ్లు దాటినా ఈ గడ్డల ప్రొటీన్ మందుబిళ్లగా ఎందుకు రాలేదు? కారణాలు దాపరికం లేనివే. స్నోడ్రాప్ లెక్టిన్ పెద్ద అణువు, ఆస్పిరిన్ అణువు కన్నా సుమారు 280 రెట్లు బరువు. మింగితే పేగు గోడల మీదున్న చక్కెరలకే అంటుకుంటుంది. సూదిమందుగా ఇస్తే ఒళ్లు దాన్ని పరాయి ప్రొటీన్‌గా గుర్తించి దాని మీదే యాంటీబాడీలు తయారు చేస్తుంది. రక్తంలో వైరస్ ఒక్కటే చక్కెర తొడుక్కుని తిరగదు, మన సొంత ప్రొటీన్లలో చాలావాటికి చక్కెర ఉంది. కొన్ని లెక్టిన్లు తెల్లకణాలను రెచ్చగొట్టి వాపు పుట్టిస్తాయి.

ఈ చివరి చిక్కుకు ఒక పరిష్కారం గడ్డలో కాదు, అరటిపండులో కనిపించింది. అరటి లెక్టిన్ కూడా వైరస్‌లను ఆపుతుంది, తెల్లకణాలను రెచ్చగొడుతుంది. 2015లో అమెరికాలోని మిషిగన్ పరిశోధకులు, వారి సహచరులు ఆ ప్రొటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చారు, హిస్టిడిన్ ఉన్నచోట థ్రియోనిన్ పెట్టారు. రెచ్చగొట్టే గుణం చాలావరకు పోయింది, వైరస్‌ను ఆపే గుణం నిలిచింది. మంచి గుణాన్నీ చెడు గుణాన్నీ విడదీయవచ్చని దీంతో రుజువైంది. గడ్డ లెక్టిన్ల మీద పనిచేసేవాళ్లు పట్టుకోవాల్సిన దారి ఇదేనని నాకనిపిస్తోంది. న్యూజిలాండ్ సముద్రపు ఎర్రనాచు నుంచి వచ్చిన గ్రిఫిత్‌సిన్ అనే లెక్టిన్ ఇప్పటికే మనుషుల మీద తొలిదశ పరీక్షలకు చేరింది. పొగాకు జాతి మొక్కల్లో దాన్ని పండించుకుంటున్నారు కూడా.

స్నోడ్రాప్ లెక్టిన్ చుట్టూ మరో పెద్ద గొడవ జరిగింది. 1998 ఆగస్టులో స్కాట్లండ్‌లోని రోవెట్ సంస్థలో పనిచేస్తున్న ఆర్పాద్ పుస్తాయ్ అనే శాస్త్రవేత్త టీవీలో మాట్లాడుతూ, ఈ లెక్టిన్ జన్యువు చొప్పించిన బంగాళాదుంపలు తిన్న ఎలుకల్లో చెడు మార్పులు కనిపించాయని చెప్పాడు. ఆయన్ను పని నుంచి తప్పించారు. ప్రయోగం రూపకల్పన, నిర్వహణ, విశ్లేషణ అన్నీ లోపభూయిష్ఠమని రాయల్ సొసైటీ తేల్చింది. అయినా 1999 అక్టోబరులో లాన్సెట్ పత్రిక ఆ పనిలో కొంత భాగాన్ని ప్రచురించింది. ఆ తగవులో ఎవరిది ఎంత న్యాయమన్న చర్చ నేటికీ తెగలేదు. నష్టం మాత్రం కళ్లముందే ఉంది. ప్రశ్న అడిగిన తీరు మీద పోట్లాట జరిగి, లెక్టిన్‌ను తింటే ఏమవుతుందన్న అసలు ప్రశ్న పక్కకు పోయింది. పెద్దఎత్తున, బహిరంగంగా, ఇరుపక్షాలూ ఒప్పుకునే పద్ధతిలో పరీక్షలు జరిగి ఉండాల్సింది.

ఒంటి బయటే ఉపకారం

లెక్టిన్‌ను ఒంట్లోకి పంపడం కష్టమైతే రక్తాన్నే లెక్టిన్ దగ్గరకు తీసుకువెళితే? డయాలిసిస్ చూసినవాళ్లకు ఈ ఊహ వెంటనే అర్థమవుతుంది. గొట్టం లాంటి పాత్రలో సన్నటి బోలు దారాలు. రక్తం ఆ దారాల లోపల ప్రవహిస్తుంది. దారాల గోడల్లోని సూక్ష్మరంధ్రాల గుండా ప్లాస్మాతో పాటు వైరస్ బయటి గదిలోకి వస్తుంది, రక్తకణాలు రాలేవు. బయటి గదిలో స్నోడ్రాప్ లెక్టిన్ కదలకుండా అతికించి ఉంటుంది. వైరస్ చిక్కుకుంటుంది, శుభ్రపడిన ప్లాస్మా తిరిగి రక్తంలో కలుస్తుంది.

2014 అక్టోబరులో, సియెర్రా లియోన్‌లో వైద్యం చేస్తూ ఎబోలా బారిన పడిన ఒక వైద్యుడిని జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయ ఆసుపత్రికి విమానంలో తెచ్చారు. అవయవాలు దెబ్బతిన్న స్థితిలో ఆయన రక్తాన్ని ఈ పరికరం గుండా ఆరున్నర గంటలు నడిపించారు. తర్వాత ఆ పాత్రను విప్పి చూస్తే సుమారు 24 కోట్ల వైరస్ ప్రతులు అందులో చిక్కి ఉన్నాయి. ఆ వైద్యుడు బతికాడు. ఆయనకు ఇతర చికిత్సలు కూడా జరిగాయి కనుక ప్రాణం నిలబెట్టింది ఈ లెక్టిన్ ఒక్కటేనని చెప్పడం తప్పు. కానీ చలికాలపు తోటలో పూసే మొక్క గడ్డలోని ప్రొటీన్, బతికున్న మనిషి రక్తంలోంచి ప్రాణాంతక వైరస్‌ను పట్టి బయట నిలిపింది. అది ఊహ కాదు, జరిగిన సంగతి.

ప్రయోగశాలల్లో దీని వాడకం ఇంకా నిత్యకృత్యం. హెచ్‌ఐవీ టీకా మీద పనిచేసేవాళ్లకు జీపీ120 శుద్ధంగా కావాలి. లెక్టిన్ అతికించిన పూసలను గాజు గొట్టంలో నింపి పైనుంచి ద్రావణం పోస్తారు. మిగతావన్నీ కిందికి కారిపోతాయి, మానోజ్ తొడుక్కున్న ప్రొటీన్ ఆగిపోతుంది. తర్వాత మానోజ్ జాతి చక్కెర ద్రావణం పోస్తే లెక్టిన్ దాన్ని అందుకుని ప్రొటీన్‌ను వదిలేస్తుంది.

ఈ కథలో హైదరాబాద్‌కు కూడా చోటుంది. స్నోడ్రాప్ లెక్టిన్ రసం పీల్చే పురుగుల పేగుకు అంటుకుని వాటిని చంపుతుంది. వరిలో దోమపోటు వచ్చిందంటే చేను గుండ్రంగా, కాల్చినట్టు ఎండిపోవడం గోదావరి, కృష్ణా డెల్టా రైతులకు బాగా తెలుసు. ఉస్మానియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఈ లెక్టిన్ జన్యువును చైతన్య, ఫల్గుణ వరి రకాల్లోకి చొప్పించి, సుడిదోమను తట్టుకుంటుందని 2003లో ప్రకటించారు. తర్వాత వెల్లుల్లి ఆకు లెక్టిన్‌తోనూ అదే చేశారు. కోల్‌కతాలోని బోస్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇంకో అడుగు వేసి, వెల్లుల్లి లెక్టిన్ ఉన్న వరిలో పచ్చదీపపు పురుగు మోసుకొచ్చే టుంగ్రో వైరస్ వ్యాప్తి తగ్గిందని 2006లో చూపారు. వైరస్‌ను ముట్టకుండా, దాన్ని మోసే పురుగును అడ్డుకుని వైరస్‌ను ఆపడం అది. ఈ వరి రకాలేవీ రైతు పొలానికి చేరలేదు. జన్యుమార్పిడి ఆహార పంటల మీద మన దేశంలో ఉన్న సందేహాలు అలాగే ఉన్నాయి. పుస్తాయ్ వివాదం అప్పుడే నిజాయితీగా తేలి ఉంటే ఈ సందేహాల్లో కొన్నింటికైనా జవాబు దొరికేది.

లెక్టిన్ కాని ప్రొటీన్లు కూడా గడ్డల్లో ఉన్నాయి. మస్కారీ, ఐరిస్ గడ్డల్లో దొరికినవి ప్రొటీన్ తయారుచేసే రైబోజోమ్‌లనే పాడు చేస్తాయి. ఐరిస్ ప్రొటీన్ పొగాకు మొక్కను మొక్కల వైరస్ నుంచి కొంత కాపాడింది. మనిషి వైద్యంలో వీటి దారి ఇంకా పొడవు, ఎందుకంటే ఆముదం గింజలోని విషం రైసిన్ కూడా ఇదే పని చేస్తుంది.

నా తీర్పు ఇది. పూలగడ్డల లెక్టిన్లు వైరస్‌ను పట్టుకుంటాయన్నది అనుమానం లేని నిజం. వాటిని యథాతథంగా మింగే మందుగా ఆశించడం వృథా. వడపోత పరికరాల్లోనూ, వైరస్ ప్రవేశించే చోటే అడ్డుకునే పైపూత మందుల్లోనూ, ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మార్చి దిద్దుకున్న కొత్త రూపాల్లోనూ వాటి భవిష్యత్తు ఉంది. పరిశోధన నిధులు అటు వెళ్లాలి.

పాఠకులకు ఒక మాట. కరోనా తొలి నెలల్లో వెల్లుల్లి తింటే జబ్బు రాదన్న సందేశాలు ఫోన్లలో హోరెత్తాయి. అలాంటి ఆధారమేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పుడే చెప్పింది. వెల్లుల్లి కనీసం తినే వస్తువు. మీ పెరట్లోని హిప్పియాస్ట్రమ్ గడ్డలో, డాఫడిల్, స్నోడ్రాప్ గడ్డల్లో లెక్టిన్‌తో పాటు లైకోరిన్ అనే విషం ఉంది. తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. చూడ్డానికి అవి అచ్చం ఉల్లిపాయల్లాగే ఉంటాయి. నాటడానికి తెచ్చిన పూలగడ్డలను వంటింట్లో ఉల్లిబుట్ట పక్కన పెట్టకండి, పిల్లల చేతికి అందనివ్వకండి.